రెండో పొట్లం

పోయిన వారం హోసూరు వాళ్ళ వ్యాను శ్రీలంకలో, మాతలే ఊళ్ళో, వెంకటేశులు సరుకుల కొట్టు ముందు ఆగిన దగ్గర మనం ఆగాం. శిథిలాలు చూడాలని సరదాగా బయల్దేరిన కుటుంబం అది. హోసూరు బజారులో ఇత్తడి సామాన్ల అంగడి నడిపే శ్రీరంగయ్య, ఆయన భార్య రాజలక్ష్మి, కొడుకు గిరిప్రసాద్, కోడలు లక్ష్మీప్రియ, వాళ్ళతోపాటు రాజలక్ష్మి చెల్లెలు భువన. అనురాధపురం చూశారు, పొలన్నరువ చూశారు, అంతదాకా అందరూ నవ్వుతూనే ఉన్నారు. మాతలేలో నాన్న పాత స్నేహితుడున్నాడట, పలకరించి పోదామని గిరిప్రసాద్ అనేసరికి మాత్రం శ్రీరంగయ్య ముఖం మాడిపోయింది. "యాడో దూరమప్పా, టైము చాలదు" అన్నాడు. మాతలే మన దారిలోనే ఉందని డ్రైవరు చెప్పడంతో పెద్దాయన మాట గాలికి పోయింది. కొట్టులోంచి బయటికొచ్చిన వెంకటేశులు అందర్నీ చూసి నవ్వి, భువన మీద కళ్ళు పడగానే చేతిలో ఉన్న మిరియాల సంచి కింద పెట్టడం కూడా మరిచిపోయి నిలబడ్డాడు.

ఆ ఇద్దరికీ ఒకప్పుడు పెళ్ళి మాట నడిచింది, అమ్మవారు వద్దంది. ఎలా వద్దందో ఇప్పుడు చెప్పుకోక తప్పదు.

కృష్ణగిరి, హోసూరు పక్క పాత కుటుంబాల్లో జాతకాలు కుదిరినా, పెద్దలు ఒప్పుకున్నా, ఇంటి అమ్మవారిని అడక్కుండా తాంబూలాలు మార్చుకునేవారు కారు. పువ్వు కట్టి చూడడం అంటారు దాన్ని. ఒక అరిటాకు ముక్కలో తెల్ల గన్నేరు, ఇంకో ముక్కలో ఎర్ర గన్నేరు పెట్టి, రెండు పొట్లాలూ ఒక్కలాగే చుట్టి, దారం కట్టి, అమ్మవారి పాదాల దగ్గర ఉంచుతారు. ఏమీ తెలియని పసిపాప ఒకటి పోయి ఒక పొట్లం తీస్తుంది. తెల్ల పువ్వు వస్తే సరే, ఎర్ర పువ్వు వస్తే వద్దు. ఆపైన ఎవరూ నోరెత్తడానికి లేదు. రాజలక్ష్మి పుట్టింట్లో దీనికి ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. ఎవరి పెళ్ళి కోసం అడుగుతున్నారో ఆ పిల్లే పొద్దున్నే తలకు పోసుకుని తన చేత్తో పొట్లాలు కట్టాలి. భువన పెళ్ళికి కావేరిపట్టణం పక్క గుట్ట మీది అమ్మవారి దగ్గర ఎర్ర పువ్వు వచ్చింది. వెంకటేశులు దేశం విడిచి మేనమామతో మాతలే వచ్చేశాడు. భువన ఆ తర్వాత ఏ సంబంధానికీ తల ఊపలేదు, అక్క ఇంట్లోనే ఉండిపోయింది.

ఇక ఈ వారం సంగతి.

మరునాడు పొద్దున వెంకటేశులే ముందుండి అందర్నీ నాలంద గెడిగేకు తీసుకొచ్చాడు. నీళ్ళ గట్టున చెట్ల మధ్య ఒంటరిగా నిలబడ్డ చిన్న రాతి గుడి అది. హోసూరు బడిలో ఆడపిల్లలకు చరిత్ర చెప్పే భువనకు నిన్నటి బెరుకంతా ఆ రాళ్ళు కనిపించగానే పోయింది.

"చూడు ప్రియా, ఈ గుడి ముందు ఈడ లేదు. ఆ కింద పొలాల్లో ఉండేదంట. ఆనకట్ట కట్టినప్పుడు మునిగిపోతాదని రాయి రాయి ఊడదీసి తెచ్చి ఈడ మళ్ళీ పేర్చినారు" అని కోడలికి చెబుతూ ముందుకు నడిచిపోయింది. గిరిప్రసాద్ కెమెరా పట్టుకుని వాళ్ళ వెనకే పోయాడు. యాభై దాటిన మనిషి పాఠం చెప్పేటప్పుడు ఇరవై ఏళ్ళ పిల్లలా గబగబా నడుస్తుందని ఇంట్లో అందరూ భువనను ఆటపట్టిస్తారు.

రాజలక్ష్మికి మోకాళ్ళ నొప్పి. చెట్టు కింద రాతి అరుగు చూసుకుని కూలబడింది. శ్రీరంగయ్య నడుము పట్టిందని చెప్పి వ్యాను దిగనే లేదు. నిన్న సాయంత్రం నుంచీ ఆయనకు నడుము, తల, కడుపు వంతులవారీగా నొప్పి పుడుతున్నాయి. వెంకటేశులు ఎదురుపడినప్పుడల్లా ఏదో ఒకటి పట్టుకుంటోంది. ముసలితనం అనుకుని రాజలక్ష్మి పట్టించుకోలేదు.

వెంకటేశులు లేత కొబ్బరి బొండం ఒకటి కొట్టించి తెచ్చి ఆమె చేతికిచ్చి, అరుగు మీద కొంచెం ఎడంగా కూర్చున్నాడు. జుట్టంతా తెల్లబడినా మనిషి నిటారుగానే ఉన్నాడు. అతని తెలుగు వింటుంటే రాజలక్ష్మికి చనిపోయిన తండ్రి గుర్తొస్తున్నాడు. కృష్ణగిరిలో ఇప్పుడెవరూ అనని మాటలు అతని నోట అలాగే నిలిచి ఉన్నాయి.

"మన కృష్ణగిరి డ్యాములో నీళ్ళుండాయా వదినా?"

"ఈ ఏడు లేవప్పా. పోయినేడు కూడా అంతంతే."

"మామిడి మండీ ఆ పాత చోటే ఉండాదా?"

"ఉండాది. జనం ఎక్కువైపోయినారు. హోసూరు నువ్వు చూస్తే గుర్తు కూడా పట్టవు. అన్నీ ఫ్యాక్టరీలే."

కాసేపు ఊరి ముచ్చట్లు నడిచాయి. ఎవరు పోయారు, ఎవరున్నారు, ఎవరి ఇల్లు అమ్ముడుపోయింది. తన భార్య మూడేళ్ళ కిందట పోయిందని, మంచి మనిషని, కూతురు కాండీలో కాపురం చేస్తోందని చెప్పాడు. గుడి దగ్గర భువన చెయ్యెత్తి గోపురం వైపు చూపిస్తూ ఏదో వివరిస్తోంది. ఆమె వైపు చూస్తూనే వెంకటేశులు అడిగాడు.

"వదినా, ఒక మాట అడుగుతాను, కోపం చేసుకోవద్దు. ఆ పొద్దు భువనకు నేనంటే ఎందుకు ఇష్టం లేకపోయింది?"

రాజలక్ష్మి బొండం పక్కన పెట్టింది. "ఇష్టం లేదని ఎవురు చెప్పినారప్పా? అమ్మవారు వద్దనింది. అంతే కదా."

వెంకటేశులు నవ్వాడు. ఎన్నిసార్లు తలుచుకుని అరిగిపోయిన సంగతో ఏమో, ఆ నవ్వులో కోపం ఏమాత్రం లేదు.

"అట్లనే అనుకున్నాను, గుట్ట దిగేదాకా. అందరూ ముందు పోయినారు. కండువా మరిచిపోయినానని చెప్పి నేను ఎనక్కి పోయినాను. కండువా ఒక సాకు వదినా. ఆ రెండో పొట్లంలో తెల్లపువ్వు ఉంటాది కదా, అది నాకు రావాల్సిన పువ్వు కదా, ఒకసారి కంటితో చూసుకుని పోదామని పోయినాను. దారం ఊడదీసి చూస్తే అదీ ఎర్రదే."

"ఏమంటా ఉండావు?"

"రెండిట్లోనూ ఎర్ర పువ్వే వదినా. ఏ పొట్లం తీసినా వద్దనే వస్తాది."

రాజలక్ష్మి అతని వైపు పూర్తిగా తిరిగి కూర్చుంది. వెంకటేశులు నెమ్మదిగా చెప్పుకుపోతున్నాడు.

"పొట్లాలు కట్టేది ఆ యమ్మే కదా, మీ ఇంటి కట్టుబాటు నాకు తెలుసు. నోరు తెరిచి నాకొద్దనలేక అమ్మవారి మీద పెట్టింది అనుకున్నాను. కింద మీ నాయన ఉన్నాడు, మా మామ ఉన్నాడు, శ్రీరంగన్న ఉన్నాడు. నేను నోరు జారితే తలవంపు ఎవురికి? ఆ యమ్మకే కదా. పొట్లం మళ్ళీ కట్టి, బండ సందులో ఏసి, కండువా బుజాన ఏసుకుని దిగి వచ్చేసినాను. మూడో పొద్దు స్టీమరెక్కినాను."

"ఇన్నేండ్లు ఎవురికీ చెప్పలేదా?"

"ఎవురికి చెప్పేది? వద్దనుకున్న ఆడబిడ్డను అల్లరి చేసేంత చెడ్డోణ్ణి కాదు."

ఎంత మంచివాడమ్మా! ఆ మంచితనమే కొంప ముంచిందని, అతను ఒక్క కేక వేసి ఉంటే చెల్లెలి బతుకు ఇంకోలా ఉండేదని రాజలక్ష్మికి ఒక్కసారిగా తెలిసివచ్చింది. ఎందుకంటే ఆ పొట్లాలు భువన కట్టలేదు.

ఆ పొద్దున భువన బయట చేరి పెరటి అరుగు మీద కూర్చుని ఉంది. గుడికి పోరాదు, పువ్వు ముట్టరాదు. ఇలాంటి మాట పెళ్ళివారి మగవాళ్ళ చెవిన ఎవరూ వేయరు. పొట్లాలు కట్టిన పిల్ల గుట్ట ఎక్కే వాడుక ఎటూ లేదు కాబట్టి వెంకటేశులుకు తెలిసే దారే లేదు. నాలుగు రోజులు ఆగుదామంటే, అతన్ని మాతలే కొట్టులో పెట్టుకోబోతున్న మేనమామ రామేశ్వరంలో స్టీమరు అందుకోవాలి. అక్కచెల్లెళ్ళ తల్లి ఏడాది కిందటే పోయింది. రాజలక్ష్మి గిరిని కని పురిట్లో పడుకుని ఉంది. అప్పుడు తండ్రి పెద్దల్లుణ్ణి పిలిచి, నువ్వే తలకు పోసుకుని కట్టేయప్పా, ఇంటి కొడుకు లాంటోడివి అన్నాడు. పురిటి గది కిటికీలోంచి చూస్తే శ్రీరంగయ్య తడి జుట్టుతో గన్నేరు చెట్టు దగ్గర నిలబడి పువ్వులు తెంపడం ఆమెకు కనిపించింది. ఆ చెట్టు ఎర్ర గన్నేరు. తెల్లది పక్కింటి దొడ్లో ఉండేది. అక్కడి నుంచి తెచ్చి ఉంటాడులే అనుకుని ఆమె పసిబిడ్డ వైపు తిరిగి పడుకుంది. అనుమానించడానికి ఆమెకు ఏ కారణమూ కనిపించలేదు.

ఒక్క మాట చాలు ఇప్పుడు. వెంకటేశులూ, కట్టింది భువన కాదప్పా అంటే చాలు. అంటే మరి ఎవరని అడుగుతాడు. ఆ పేరు ఆమె తాళి కట్టించుకున్న మనిషి పేరు. ఆమె ఆ మాట మింగేసింది, మింగేసినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

వెంకటేశులు లేచాడు. "మీకు తెలీదనుకుంటాను. పోనీలే వదినా. ఈ వయసులో ఆ యమ్మనే అడిగితే తప్పేముండాది? కోపంతో కాదు, తెలుసుకుందామని."

"వద్దప్పా! ఇప్పుడు వద్దు!"

"ఇప్పుడు కాకుంటే ఎప్పుడు వదినా? రేపు మీరు వ్యానెక్కి పోతారు" అని అతను గుడి వైపు నడిచిపోయాడు.

మోకాళ్ళ నొప్పి ఏమైందో రాజలక్ష్మికి తెలియదు. కొంగు బిగించుకుని చరచరా వ్యాను దగ్గరికి పోయింది. డ్రైవరు టీకి పోయాడు. శ్రీరంగయ్య సీటు వెనక్కి వాల్చి కళ్ళు మూసుకుని ఉన్నాడు. నిద్రపోవడం లేదని ఆమెకు చూడగానే తెలిసింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నిద్ర నటనలన్నీ ఆమెకు కంఠతా వచ్చు. తలుపు తెరిచి ఎదుటి సీట్లో కూర్చుని, కిటికీ అద్దం పక్కకు జరిపి గుడి దారి వైపు ఒకసారి చూసుకుని, తలుపు లాక్కుంది.

"రెండు పొట్లాల్లోనూ ఎర్ర పువ్వే పెట్టినారా?"

ఏ పొట్లాలని ఆయన అడగలేదు. ఎప్పటి మాటని అడగలేదు. కళ్ళు మాత్రం తెరిచాడు. ఆమెకు అదే జవాబు.

"వాడు చెప్పినాడా?" అన్నాడు.

"ఇప్పి చూసినాడంట. చూసి కూడా నోరు మూసుకుని పోయినాడు. నా చెల్లెలే తనను వద్దనుకున్నాదని ఇన్నాళ్ళూ అనుకుంటా ఉండాడు."

శ్రీరంగయ్య ముఖం చేతుల్లో దాచుకున్నాడు. రాజలక్ష్మికి జాలి కలగలేదు.

"నా చెల్లెలు మీకేం ద్రోహం చేసింది? గిరిగానికి జ్వరమొస్తే చంకనేసుకుని ఆస్పత్రికి పరిగెత్తింది ఎవురు? మీ యమ్మ మంచాన పడితే ఎత్తి కూర్చోబెట్టి గంజి తాపింది ఎవురు? బడి నుంచి వచ్చి చీర కూడా మార్చుకోకుండా మీకు కాఫీ పెట్టిచ్చింది కదా! ఆ చేతి కాఫీ మీకు ఎట్ల దిగింది గొంతు? ఒక పొద్దన్నా గుచ్చుకోలేదా?"

"రోజూ గుచ్చుకునింది."

"మరి ఎందుకు చేసినారు? నా చెల్లెలు మీకేం చేసింది, అది చెప్పండి ముందు!"

శ్రీరంగయ్య చేతులు తీసి భార్య వైపు చూశాడు. కళ్ళు ఎర్రబడ్డాయి.

"ఆ యమ్మ నాకేం చెయ్యలేదే. ఏడ్చింది నువ్వు కదా."

"నేనా?"

"ముందునాడు దీపాలు పెట్టే వేళ. పురిటి గదిలో. బిడ్డను ఒళ్ళో ఏసుకుని ఏడ్చినావు. అమ్మ పాయె, ఇది కూడా సముద్రం దాటి పోతే నాకింకెవురుండారు అనినావు. అమ్మవారే ఎర్ర పువ్వు ఇస్తే బాగుండు, మీరన్నా ఏదన్నా చేసి దీన్ని ఆపండి అనినావు. నా చెయ్యి పట్టుకుని అనినావు. నువ్వు ఏడ్చినావు, నేను పూలు కట్టినాను."

రాజలక్ష్మి లేదని అనబోయింది. అనలేకపోయింది. ఆ గది, ఆ వేపాకు పొగ, బిడ్డ తల కింద తడిసిన పాత చీర ముక్క అన్నీ కళ్ళ ముందుకొచ్చాయి. తన గొంతు తనకే వినిపించింది. అన్నది. నిజంగానే అన్నది. అని, ఏడ్చి, మనసు తేలికపడి, మరునాటికి మరిచిపోయింది. ఆ మాటను గుండెలో పెట్టుకుని మోసింది మాత్రం ఈయన.

"ఊరికే అన్నాను. కడుపులో బాధకొద్దీ ఏదో అన్నాను" అంది చివరికి.

"ఊరికే అని నాకెట్ల తెలుస్తాది? అప్పుడు కాన్పు కష్టమై నువ్వు బతుకుతావో లేదో అని భయంగా ఉండె నాకు. ఈ సంబంధం తప్పితే డెంకణికోటలోనో బర్గూరులోనో దగ్గర్లో ఇంకోటి చూస్తాం, నీ కళ్ళ ముందు ఉంటాది అనుకున్నాను. ఎంతమందిని చూసినాను! నీకు తెలీదా? ఆ యమ్మ ఒక్కరికీ ఒప్పుకోలేదు. అమ్మవారు ఒకసారి చెప్పింది చాలు బావా అనేది. ఆ మాట వినినప్పుడల్లా చెప్పేద్దామనుకునేవాణ్ణి. నోరొచ్చేది కాదు."

చెల్లెలు ఒక్కో సంబంధమూ కాదన్నప్పుడల్లా రాజలక్ష్మి పైకి కోప్పడింది, లోపల సంతోషించింది. ఇల్లు నిండుగా ఉందని, చేతికింద మనిషి ఉందని, కష్టం చెప్పుకోవడానికి తోడుందని మురిసిపోయింది. భువన లేకపోతే నాకు గడవదని పది మందిలో గొప్పగా చెప్పుకుంది. తనకు గడవడం కోసం చెల్లెలి బతుకంతా ఖర్చయిపోయిందని ఒక్కనాడూ తోచలేదు. ఏడుపు కూడా రాలేదామెకు, సిగ్గేసింది.

ఇంతలో వ్యాను పక్కన అడుగుల చప్పుడు వినిపించింది. భువన ఒక్కతే వస్తోంది. ఎండకు ముఖం ఎర్రబడింది, కొంగుతో మెడ తుడుచుకుంటోంది. దూరంగా గుడి మెట్ల దగ్గర వెంకటేశులు వీపు ఇటు పెట్టి నిలబడి నీళ్ళ వైపు చూస్తున్నాడు.

రాజలక్ష్మి గబుక్కున దిగి తలుపు మూసేసింది. అద్దం తీసి ఉన్న సంగతి ఆమెకు గుర్తు రాలేదు.

"అక్కా, ఇట్ల రా, నీకొక మాట చెప్పాల" అని భువన ఆమె చెయ్యి పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది. "ఆయన ఏందో అడగాలని వచ్చినాడు. ఒక మాట అడగాల భువనా అనినాడు. అని ఏమీ అడగలేదు. కాసేపు ఆ రాళ్ళ గురించి మాట్లాడినాడు. ఆమీద ఉన్నట్టుండి, ఈడే ఉండిపోతావా అనినాడు."

"నువ్వేం చెప్పినావు?"

"నవ్వినాను. ఈ వయసులో ఇంకేం చేసేది?" అని భువన మళ్ళీ నవ్వింది, అంతలోనే కళ్ళు దించుకుంది. "మా అక్కను అడిగి చెబుతాను అనినాను."

"భువనా..."

"నన్ను చెప్పనీ అక్కా, మళ్ళీ నోరు రాదు. నీ దగ్గర దాచేదేముండాది? నాకు మనసుండాది. అప్పుడూ ఉండె, ఇప్పుడూ ఉండాది. మనుషులు ఎవురన్నా వద్దనింటే నేను ఏడ్చి చచ్చిపోయేదాన్ని. అమ్మవారు వద్దనింది కాబట్టి తట్టుకున్నాను. ఆమెకు తెలియకుండా చెబుతాదా, దాంట్లో ఏదో మంచి ఉంటాది అని సర్దుకున్నాను. ఒక్క పొద్దు కూడా ఎవుర్నీ తిట్టుకోలేదు." ఆమె గుడి మెట్ల వైపు ఒకసారి చూసింది. "ఇప్పుడు ఆయన మళ్ళీ అడుగుతాడు. నాకు భయంగా ఉండాదక్కా. అమ్మవారు వద్దన్న మనిషితో నేను ఉంటే, ఆయనకు ఏమన్నా అయితే? ఆమె మాట దాటొచ్చా? నువ్వు దాటొచ్చంటే ఈడే ఉండిపోతాను. వద్దంటే వ్యానెక్కుతాను. నువ్వెట్ల చెబితే అట్ల."

రాజలక్ష్మి చెల్లెలి ముఖంలోకి చూసింది. ఇన్నేళ్ళుగా ఎంత నెమ్మదిగా, ఎంత నిబ్బరంగా ఉంటుందని ఊరంతా మెచ్చుకునే ముఖం. ఆ నెమ్మది అంతా ఒక అబద్ధం మీద నిలబడి ఉంది. నిజం చెబితే అది కూలిపోతుంది. చెప్పకపోతే భువన వ్యానెక్కుతుంది, హోసూరు వస్తుంది, రేపట్నుంచి మళ్ళీ కాఫీ పెడుతుంది. దారి అవతల నుంచి గిరిప్రసాద్, "అమ్మా, పోదామా? ఎండ ముదిరిపోతా ఉండాది" అని కేకేశాడు.

వద్దు, వ్యానెక్కు అనడం ఎంత సులభం! ఆ మాట నాలుక మీదే ఉంది. ఒకసారి అన్నదే కదా.

"అమ్మవారు నిన్ను వద్దనలేదు భువనా" అంది రాజలక్ష్మి.

భువనకు ముందు అర్థం కాలేదు. అక్క ఓదారుస్తోందని అనుకుని నవ్వబోయింది. అక్క కళ్ళు చూసి ఆ నవ్వు ఆగిపోయింది. పట్టుకున్న చెయ్యి మెల్లగా వదిలేసింది.

"మరి ఎవురు వద్దనినారక్కా?"

రాజలక్ష్మి పెదవులు కదిలాయి. ఆమె మాట బయటికి రాకముందే వెనక వ్యాను తలుపు తెరుచుకుంది. శ్రీరంగయ్య కిందికి దిగాడు.